నడుము లెక్క: సఫాయి పనిలో నడుం నొప్పి, తలనొప్పి

తెలుగులో "నడుం వంచడం" అంటే పని చెయ్యడం. ఒళ్ళు దాచుకునేవాణ్ణి "నడుం వంచడు" అని తిడతాం. అలసినవాడు "కాసేపు నడుం వాలుస్తా" అంటాడు. భాషలోనే పని భారమంతా నడుము మీద పడింది. కానీ ఊళ్ళో అందరి నడుములూ ఒకే తీరుగా వంగలేదు. కొందరి చేతికి గంటం ఇచ్చిన సమాజమే కొందరి చేతికి చీపురిచ్చింది. కులం అంటే శ్రమని పంచుకోవడం కాదనీ, శ్రామికులనే ఒకరి కింద ఒకరుగా విడదీయడమనీ అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో వాదించారు. ఆ విభజన పల్లె వదిలి పట్టణానికొచ్చి మున్సిపాలిటీ మస్టరులోకి కూడా ఎక్కింది. ఉత్తరాంధ్రలో రెల్లి, నెల్లూరు గుంటూరు వైపు యానాది, హైదరాబాదులో మెహతర్, దాదాపు అన్ని జిల్లాల్లో మాదిగ, మాల. పేర్లు మారతాయి, చీపురు మారదు.

ఇది పాత కథేం కాదు. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవాళ్ళని 'నమస్తే' పథకం కింద కేంద్ర ప్రభుత్వం నమోదు చేయించింది. 2024 నాటికి వివరాలు తీసుకున్న సుమారు 38,000 మందిలో 92 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీలే. ఒక్క ఎస్సీలే 69 శాతం దాకా ఉన్నారు.

చట్టం ఈ మనుషుల్ని చూడలేదని అనలేం. 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014లో మురుగు గుంటల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి 10 లక్షలివ్వాలంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ పనిలో శాశ్వతంగా వికలాంగులైన వారికి కనీసం 20 లక్షలివ్వాలంది. ఇవి పోరాడి సాధించుకున్నవి. అయితే ఇవన్నీ ఒక్క క్షణంలో జరిగే చావుకీ ప్రమాదానికీ సంబంధించినవి. ఇరవై ఏళ్ళు రోజుకింత చొప్పున అరిగే నడుముకి ఏ మస్టరులోనూ గడి లేదు. ఫ్యాక్టరీల చట్టం 1948 మూడో షెడ్యూలులో చేర్చిన వృత్తి రోగాల్లో సీసం విషం ఉండేది, సిలికోసిస్ ఉండేది, నడుం నొప్పి ఉండేది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ మాత్రం 2010లో సవరించిన తన వృత్తి రోగాల జాబితాలో కండరాలు, కీళ్ళ జబ్బులకి విడిగా ఒక విభాగమే పెట్టింది.

ఈ వ్యాసంలో మేము చెప్పదలుచుకున్నవి రెండు. వీధులు ఊడ్చేవాళ్ళు, కాలవల్లో పూడిక తీసేవాళ్ళు నడుం నొప్పినీ తలనొప్పినీ ఎలా తగ్గించుకోవచ్చో తెలిసినంత వరకు విడమరిచి చెప్పడం ఒకటి. ఈ నొప్పి తలరాత వల్ల గానీ ఒంటి బలహీనత వల్ల గానీ వచ్చింది కాదు, పనిముట్టు వల్లా పని పెట్టే తీరు వల్లా వచ్చిందని చూపించడం రెండోది. మొదటిది బస్తీలో చెప్పడానికి. రెండోది కమిషనర్ ఆఫీసులో అడగడానికి.

నొప్పి ఎక్కడ పుడుతుంది?

"చీపురు పట్టుకున్నదానికే నడుం నొప్పా?" అని సూపర్‌వైజర్లు ఎగతాళి చేస్తారు. చీపురు బరువు పెద్దగా ఉండదన్న మాట నిజమే. కానీ వంగి ఊడ్చే మనిషి మోసేది చీపురుని కాదు, తన ఒంటిని. తల, చేతులు, ఛాతీ కలిపితే మనిషి బరువులో ఇంచుమించు సగం. యాభై కిలోల మనిషి వంగితే ఆ పాతిక కిలోలు గాలిలో వేలాడతాయి. వాటిని పట్టి ఉంచాల్సింది వెన్ను వెనకాల ఉన్న కండరాలు. ఆ కండరాలు వెన్నుకి రెండంగుళాల దూరంలోనే ఉంటాయి. వేలాడే బరువేమో అడుగు దూరంలో ఉంటుంది. తూకం కర్ర మీద పొట్టి వైపున కూర్చున్నవాడు పొడుగు వైపున్నవాణ్ణి లేపాలంటే అతనికన్నా ఎన్నో రెట్లు బరువుండాలి. నడుము కండరాల పరిస్థితి అదే. పూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళలు, అంటే డిస్కులు, ఆ ఒత్తిడినంతా భరించాలి.

దీనికి తోడు మరో మూడు కారణాలున్నాయి.

మొదటిది, కదలకుండా వంగి ఉండడం. బిగుసుకుపోయి ఉన్న కండరానికి రక్తం సరిగ్గా అందదు. నడుస్తూ చేసే పనికన్నా వంగి నిలబడి చేసే పని అందుకే ఎక్కువ నొప్పి పెడుతుంది.

రెండోది, వంగి తిరగడం. తట్ట ఎత్తి, కాళ్ళు కదపకుండా నడుము మాత్రం తిప్పి బండిలో పొయ్యడం డిస్కుకి అన్నిటికన్నా చేటు.

మూడోది, వేళ. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. నిద్ర లేచిన మొదటి గంటలో వంగితే వాటి మీద పడే ఒత్తిడి మిగతా రోజుకన్నా ఎక్కువ. సఫాయి పని తెల్లవారుజామున అయిదు, ఆరు గంటలకి మొదలవుతుంది. అంటే వంగడానికి ఒంటికి అన్నిటికన్నా పనికిరాని వేళలోనే వంగే పని పెట్టాం.

ఇక పూడిక సంగతి. నీళ్ళు లీటరుకి కిలో తూగుతాయి. ఇసుక కలిసిన తడి పూడిక అంతకన్నా బాగా ఎక్కువ తూగుతుంది. పదిహేను లీటర్లు పట్టే తట్ట నిండితే ఇరవై కిలోలు దాటుతుంది. అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని చూసే ప్రభుత్వ సంస్థ 1991లో సవరించిన లెక్క ప్రకారం అన్నీ సవ్యంగా ఉంటే, అంటే నేల గట్టిగా ఉండి, బరువు ఒంటికి దగ్గరగా, నడుము ఎత్తులో ఉంటే, ఎత్తదగ్గ పైహద్దు 23 కిలోలు. కాలవ గట్టు మీద జారే నేలలో, పాదాల కిందనించి ఎత్తేటప్పుడు ఆ హద్దు చాలా కిందకి దిగుతుంది.

కర్ర పొడవు ఎవరు నిర్ణయిస్తారు?

ఇంత దాకా చెప్పింది ఒంటి సంగతి. ఒళ్ళు ఎంత వంగాలో నిర్ణయించేది మాత్రం చీపురు కర్ర. కర్ర గడ్డం దాకా వస్తే మనిషి దాదాపు నిటారుగా నిలబడి ఊడుస్తుంది. కర్ర లేకుండా ఈనెల కట్ట మాత్రమే ఇస్తే నేల దాకా వంగాల్సిందే. చాలా పట్టణాల్లో కాంట్రాక్టరు ఇచ్చేది ఈనెలే. కర్ర సంపాదించుకోవడం, తీగ చుట్టి కట్టుకోవడం కార్మికురాలి బాధ్యతే.

పనిముట్టు పొడవు మీద కోర్టు దాకా వెళ్ళి గెలిచిన కార్మికులు ఇంకో దేశంలో ఉన్నారు. కులం లేని చోట కూడా వంగే పని ఎవరి నెత్తిన పడిందో చూడ్డానికి ఆ కథ పనికొస్తుంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో లెట్యూస్ ఆకుకూర, బీట్ పొలాల్లో మొక్కలు పలచన చెయ్యడానికి అడుగూ అడుగున్నర పిడి ఉన్న పొట్టి పార వాడించేవారు. చేసేవాళ్ళలో ఎక్కువ మంది మెక్సికన్ కూలీలు. రోజంతా రెండుగా వంగి నడవాలి. పొడుగు పిడి అయితే పైరు పాడవుతుందని రైతు కంపెనీలు వాదించాయి. అసలు సౌకర్యం మరొకటుంది. పొట్టి పార పట్టుకున్నవాడు నడుమెత్తితే పొలం అవతల ఉన్న మేస్త్రీకి కూడా కనపడతాడు. కూలీల తరఫున న్యాయ సహాయ లాయర్లు కేసు నడిపారు. 1975లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కార్మికుల వైపు మాట్లాడింది. పనిముట్టు విరిగిపోయేదైతేనే ప్రమాదకరం అనుకోకూడదు, వాడాల్సిన తీరు వల్ల మనిషికి హాని చేసేది కూడా ప్రమాదకరమైన పనిముట్టేనంది. పొట్టి పార పోయింది. వ్యవసాయం మునిగిపోలేదు.

మన వీధుల్లో కూడా నడుమెత్తి నిలబడ్డ మనిషి "పని చెయ్యని" మనిషే. ఫొటో తీసి పంపే రోజులొచ్చాక ఆ చూపు ఇంకా పెరిగింది. అందుకే చీపురు కర్ర పొడవుని మేము చిన్న విషయంగా చూడం.

పని చేస్తూ నడుముని కాపాడుకోవడం

పని తీరు మారేదాకా ఒళ్ళు ఆగదు. కాబట్టి చేతిలో ఉన్నవి కొన్ని.

కర్ర కనీసం ఛాతీ దాకా, వీలైతే గడ్డం దాకా ఉండాలి. చీపురుని ఒంటికి దగ్గరగా పట్టి, చేతులతో కన్నా అడుగులతో ముందుకి జరగాలి. పది నిమిషాలకొకసారి కుడి చెయ్యి కింద ఉన్నది ఎడమ చెయ్యికి మార్చాలి.

పనిలోకి దిగగానే వంగకూడదు. మొదటి అరగంట బండి తొయ్యడం, డబ్బాలు సర్దడం, నడక ఉండే పనులు చూసుకోవాలి. గ్రూపులో మాట్లాడుకుంటే ఇది కుదిరే పనే.

తట్ట సగమే నింపాలి. రెండు సగం తట్టలు ఒక నిండు తట్టకన్నా మేలు. ఎత్తేటప్పుడు మోకాళ్ళు వంచి, తట్టని పొట్టకి ఆనించి లేవాలి. పొయ్యాల్సిన వైపుకి పాదాలు తిప్పాలి, నడుము కాదు. నిండు డబ్బా ఇద్దరు కలిసి ఎత్తాలి. బండిని లాగేకన్నా తొయ్యడం మంచిది. చక్రాలకి నెలకోసారి గ్రీజు పెట్టించాలి. తిరగని చక్రం బరువంతా నడుము మీదే.

అరగంటకోసారి నిటారుగా నిలబడి, రెండు చేతులూ నడుము మీద ఆనించి, మెల్లగా అయిదారు సార్లు వెనక్కి వాలాలి. అర నిమిషం పని. దీన్ని తీరిక అనుకునే మేస్త్రీకి ఇది పనిలో భాగమని చెప్పాల్సింది యూనియను.

నొప్పి పట్టుకున్నప్పుడు

"నడుం పట్టేసింది, లేస్తే కూచోలేను, కూచుంటే లేవలేను" అన్నప్పుడు అందరికీ వచ్చే భయం వెన్నుపూస జరిగిందని. నూటికి ఎనభై అయిదు మందికి పైగా ఈ నొప్పి కండరాల, కీళ్ళ అలసటే. ఎక్కువ మందికి నాలుగైదు వారాల్లో నెమ్మదిస్తుంది. మొదట్లోనే స్కానింగు అక్కర్లేదు.

పూర్తిగా మంచం ఎక్కడం ఒకటి రెండు రోజులకి మించొద్దు. పడుకున్న కొద్దీ కండరం బలం పోతుంది. ఇంట్లో నడవాలి, తేలిక పనులు చేసుకోవాలి. వేడి నీళ్ళ కాపడం పావుగంట పెడితే కండరం వదులవుతుంది. అమృతాంజనం, జిందా తిలిస్మాత్ రాస్తే కాసేపు ఉపశమనం ఉంటుంది. అది మూలం మీద మందు కాదని తెలిసి రాసుకుంటే తప్పు లేదు. నొప్పి తగ్గాక వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ఒక్కొక్కటీ పొట్టకి తెచ్చుకోవడం, పిరుదులు పైకెత్తి దించడం రోజూ పది నిమిషాలు చేస్తే మళ్ళీ పట్టేయడం తగ్గుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాల నడుం నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, వివరంగా చెప్పి ధైర్యమివ్వడం, కొన్ని రకాల చేతి వైద్యం, అవసరమైతే నొప్పి మాత్రలు మేలంది. నడుము బెల్టులు, బరువులు కట్టి లాగించడం మామూలుగా వద్దంది. వందలు పోసి బెల్టు కొనేముందు ఈ మాట గుర్తుంచుకోవాలి.

నొప్పి మాత్రల దగ్గర జాగ్రత్త చాలా అవసరం. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఖాళీ కడుపున వేసుకుంటే పుండ్లు పడతాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు తాగని ఒంట్లోకి రోజూ పోతే మూత్రపిండాల్ని దెబ్బ తీస్తాయి. బీపీ ఉన్నవాళ్ళకి ఇంకా ప్రమాదం. రోజూ సూది పొడిపించుకుని పనికి పోవడం, పేరు లేని పొట్లం మందు వాడటం మానాలి. ఆ పొట్లాల్లో స్టెరాయిడ్ ఉండే అవకాశముంది.

ఆడవాళ్ళ విషయంలో ఒకటి విడిగా చెప్పాలి. నడుం నొప్పి, తెల్లబట్ట అని పోతే గర్భసంచి తీసేయించుకోమనే ఆస్పత్రులున్నాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్లు దేశంలో అన్నిటికన్నా ఎక్కువ తేలింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. అనవసరంగా గర్భసంచులు తియ్యడం మీద 2023లో సుప్రీంకోర్టు కూడా ఆదేశాలిచ్చింది. చీపురు వల్ల వచ్చిన నొప్పికి గర్భసంచి కారణం కాదు. తీసేస్తే నొప్పి పోదు, పైగా చిన్న వయసులో అండాశయాలు కూడా తీస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి. రెండో డాక్టరు మాట వినకుండా ఆపరేషనుకి ఒప్పుకోవద్దు.

కొన్ని గుర్తులు కనపడితే మాత్రం ఆగకుండా పెద్దాసుపత్రికి పోవాలి. మూత్రం, విరేచనం పట్టు తప్పడం, లేదా మూత్రం రాకపోవడం. తొడల మధ్య మొద్దుబారడం. కాలు బలం పోయి ఈడ్చుకు నడవడం. ఎత్తు మీదనించి పడ్డాక వచ్చిన నొప్పి. జ్వరం, రాత్రి నొప్పి, బరువు తగ్గడం. ఈ చివరివి వెన్నుకి పట్టిన క్షయ కావచ్చు. టీబీకి ప్రభుత్వ ఆస్పత్రిలో మందులు ఉచితం.

తలకాయ ఎందుకు నొస్తది?

సఫాయి పనిలో తలనొప్పికి కారణాలు వెతికితే ఎక్కువ భాగం తల బయటే దొరుకుతాయి.

అన్నిటికన్నా పెద్దది నీళ్ళు తాగకపోవడం. ఎందుకు తాగరు? వీధిలో మూత్రానికి పోవడానికి చోటు లేదు. ఇంటి ముందు ఊడ్చిన మనిషిని ఆ ఇంట్లో బాత్‌రూం అడగనివ్వరు, కొన్ని చోట్ల మంచినీళ్ళు కూడా వేరే గ్లాసులోనే. కాబట్టి ఆడవాళ్ళు దాహం చంపుకుంటారు. దాంతో తలనొప్పి ఒక్కటే కాదు, మూత్రంలో మంట, రాళ్ళు కూడా వస్తాయి. ఆ తలనొప్పికి పేరు పెట్టాలంటే అంటరానితనం అని పెట్టాలి. ఎండలో పని చేసేటప్పుడు పావుగంట, ఇరవై నిమిషాలకొక గ్లాసు నీళ్ళు పడాలి. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, రాగి అంబలి మంచివే. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు తగ్గించుకోవాలి.

రెండోది ఖాళీ కడుపు. ఒక చాయ్ మీద పది గంటల దాకా లాగితే తల నొస్తుంది. రాత్రి అన్నమో, అంబలో, ఏదో ఒకటి కడుపులో పడ్డాకే పని మొదలుపెట్టాలి.

మూడోది మెడ. వంగి ఊడ్చేటప్పుడు తల ముందుకి వేలాడుతుంది. తట్ట నెత్తిన పెడితే బరువంతా మెడ మీదే. మెడ వెనకనించి పాకి, తల చుట్టూ పట్టీ బిగించినట్టుండే నొప్పి ఇలా వచ్చిందే. భుజాలు పైకెత్తి వదలడం, మెడ మెల్లగా రెండు పక్కలకీ తిప్పడం, కాపడం దీనికి పని చేస్తాయి. తట్ట తల మీదనించి బండి మీదకి మారాలి.

నాలుగోది గాలి. ఆకులు, చెత్త తగలబెట్టిన పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. తలనొప్పి, వికారం దాని తొలి గుర్తులు. మ్యాన్‌హోల్ దగ్గర కుళ్ళిన గుడ్డు వాసన, కళ్ళ మంట, తలనొప్పి వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. అక్కడ తలనొప్పి జబ్బు కాదు, హెచ్చరిక. గాలిలో అది మరీ ఎక్కువైతే వాసన తెలియడం ఆగిపోతుంది. వాసన పోయింది కదా అని దిగితే మనిషి దక్కడు. వెంటనే అందరూ దూరం జరగాలి. లోపల పడ్డవాణ్ణి తీయడానికి ఇంకొకరు ఊరికే దిగకూడదు. రక్షణ సాధనాలు లేకుండా దించడం 2013 చట్టం ప్రకారం నేరం.

అయిదోది మాత్రే. మూడు నెలలకి పైగా, నెలలో 15 రోజులు మామూలు నొప్పి మాత్రలు గానీ, 10 రోజులు కలగలుపు మాత్రలు గానీ వేసుకుంటుంటే ఆ మాత్రల వల్లే తలనొప్పి పట్టుకుంటుంది. అప్పుడు డాక్టరు సలహాతో మాత్ర మానడమే వైద్యం.

ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చిన తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, ఒక పక్క చచ్చుబడటం, గర్భిణికి తలనొప్పితో కళ్ళు మసకలవడం ప్రమాదం. ఎండలో తలనొప్పితో మనిషి పొంతన లేకుండా మాట్లాడితే వడదెబ్బ. నీడకి చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చెయ్యాలి.

లెక్కలోకి ఎక్కించాలి

2022 జులైలో ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ కార్మికులు సమ్మెకి దిగినప్పుడు హెల్త్ అలవెన్సు ముఖ్యమైన డిమాండు. అది దక్కించుకున్నారు. అలవెన్సు హక్కే. కానీ నొప్పికి డబ్బు కట్టడం వేరు, నొప్పి పుట్టకుండా చెయ్యడం వేరు. అలవెన్సు ఇచ్చినంత మాత్రాన చీపురు కర్ర పొడవు పెరగదు.

కార్యకర్తలు అడగాల్సినవి ఖరీదైనవేం కావు. మనిషి ఎత్తుకి తగిన కర్ర ఉన్న చీపురు టెండరు షరతుల్లో రాయాలి. తట్ట, డబ్బాల సైజుకి హద్దు పెట్టాలి. ప్రతి వార్డులో మంచినీళ్ళు, మూత్రశాల, కూర్చునే చోటు ఉండాలి. ఎండాకాలం పని వేళ మార్చాలి. ఈఎస్ఐ కింద జీతంలో 0.75 శాతం కోస్తున్న ప్రతి కాంట్రాక్టు కార్మికురాలికి కార్డు చేతికి రావాలి. డాక్టరు సెలవు రాస్తే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుందన్న సంగతి ప్రతి బస్తీలో తెలియాలి.

విద్యార్థులకీ టీచర్లకీ ఒక పని. మీ ఊరి మస్టరు పాయింటు దగ్గరకి టేపు పట్టుకుని వెళ్ళండి. చీపురు కర్ర ఎన్ని అంగుళాలు, మనిషి ఎత్తెంత, నిండు తట్ట ఎన్ని కిలోలు, దగ్గరలో మూత్రశాల ఎంత దూరం, నెలలో ఎన్ని రోజులు నొప్పి మాత్ర వేసుకున్నారో వాళ్ళ అనుమతితో రాయండి. పేర్లు రాయొద్దు, అంకెలు రాయండి. రాసింది మొదట వాళ్ళకే చదివి వినిపించండి. ఆ కాగితం యూనియను చేతిలో ఉంటే "చీపురు పట్టుకున్నదానికే నడుం నొప్పా?" అన్న ప్రశ్నకి కొలతలతో జవాబు చెప్పొచ్చు.